ఆసుపత్రి నుంచి ఇంటికి – 3వ పాఠం: మొదటి నెల

డిశ్చార్జి రోజు డాక్టరును ఏమేం అడగాలో, చీటీలో ఏమేం రాయించుకోవాలో పోయిన పాఠంలో చూశాం. మానసిక జబ్బుకూ మత్తు అలవాటుకూ ఆసుపత్రిలో వైద్యం చేయించుకున్న పిల్లవాడు ఇప్పుడు ఇంటికి వచ్చేశాడు. ముఖం తేటపడింది, సంగటి ముద్ద కడుపునిండా తింటున్నాడు. చూడవచ్చిన చుట్టాలు "ఇంక బాగైపోయిండాడులే" అంటారు, మీకూ అట్లాగే అనిపిస్తుంది. కానీ మానసిక వైద్యం వార్డు నుంచి వచ్చినవాళ్ల ప్రాణానికి ఎక్కువ ముప్పు ఉండేది మొదటి వారాల్లోనే. వార్డులో మాత్ర వేళకు చేతికి వచ్చేది, మత్తు పదార్థం దొరికేది కాదు, రాత్రిపూట కనిపెట్టి చూసే మనిషి ఉండేవాడు. ఇంటికి రాగానే ఈ మూడూ ఒకేసారి పోతాయి. వాటిని ఇంట్లో మళ్లీ ఏర్పాటు చేసుకోవడమే ఈ పాఠం. అబ్బాయి అని రాస్తున్నా అమ్మాయికీ అంతా ఇదే. సంబంధాలు రావేమోనన్న భయంతో అమ్మాయిని ఓపీకి తీసుకుపోవడం మానేసే ఇళ్లు ఉన్నాయి. ఆ భయం అర్థమవుతుంది కానీ, దానికి మూల్యం చెల్లించేది ఆ పిల్లే.

ముందు బీగం

మొదట చేయాల్సిన పని ఇల్లు వెదకడం. పిల్లవాడు ఇంటికి చేరకముందే చేస్తే మరీ మంచిది. మన వైపు చేనున్న ప్రతి ఇంట్లో పురుగుమందు, కలుపుమందు, ఎలుకల మందు ఏదో ఒక మూల ఉంటుంది. కొట్టంలో పైన పెట్టినాం, వాడికి అందదు అనుకోవద్దు, పదహారేళ్లవాడికి అందనిది ఏముంది? సగం వాడిన డబ్బాలతో సహా అన్నీ ఇంటి నుంచి తీసేసి, చేనుకాడ బీగం వేసిన పెట్టెలో పెట్టండి. బీగంచెవి ఒకరి దగ్గరే ఉండాలి. అవ్వాతాతల బీపీ, షుగరు మాత్రలు, మిగిలిపోయిన నిద్రమాత్రలు, నొప్పి మాత్రలు, దగ్గుమందు సీసాలు కూడా బీగంలోకే పోవాలి. చచ్చిపోవాలనే ఆలోచన చాలాసార్లు ఉవ్వెత్తున లేచి కాసేపటికి తగ్గుతుంది. ఆ కాసేపట్లో చేతికి ఏమీ అందకపోతే ప్రాణం నిలుస్తుంది.

రెండో పని నోరు తెరిచి అడగడం. "చచ్చిపోవాలని అనిపిస్తాందా నాయనా?" అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది జంకుతారు. అట్లా పుట్టదు, పైగా చెప్పుకోవడానికి దారి దొరుకుతుంది. అవునంటే తిట్టొద్దు, ఏడ్వొద్దు, ఆ రాత్రి ఒంటరిగా వదలొద్దు. 14416 మానసిక సాయానికి ప్రభుత్వం నడిపే టెలిమానస్ హెల్ప్‌లైన్ నంబరు. పగలూ రాత్రీ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఏదైనా మింగినట్టు అనుమానం వచ్చినా 108కి ఫోన్ చేయండి, వాంతి చేయించే ప్రయత్నం మాత్రం చేయొద్దు.

మాత్రలు

వారానికి సరిపడా మాత్రలు మాత్రమే బయట, మిగతావి బీగంలో. ఏడు అరల మాత్రల డబ్బా మందుల షాపులో దొరుకుతుంది. ఇంట్లో ఒక్కరే ఇవ్వాలి, రోజూ ఒకే వేళకు, అన్నం తిన్నాక. ఎదుటే మింగాక క్యాలెండరులో ఆ తేదీకి టిక్కు పెట్టండి. ఇద్దరు ముగ్గురు ఇస్తే ఒకరోజు రెండుసార్లు పడుతుంది, ఇంకోరోజు అసలే పడదు. ఒక పూట తప్పితే మరుసటి పూట రెండు కలిపి ఇవ్వొద్దు. పది రోజుల మాత్రలు మిగిలి ఉండగానే మళ్లీ తెచ్చుకోవడానికి బయలుదేరాలి. రాయదుర్గం నుంచి అనంతపురానికో, ఆదోని నుంచి కర్నూలుకో పోయేవాళ్లకు ఒక బంద్, ఒక పండగ అడ్డం వస్తే చాలు, వారం గడిచిపోతుంది. డిశ్చార్జి అయిన ఏడు రోజుల్లోపు మొదటి ఓపీ పడాలి. వాడు బాగున్నా సరే పోవాలి.

ఏ మాత్రతో ఏం కావచ్చో తెలిస్తే భయపడి ఆపేయరు. దిగులుకు ఇచ్చే ఫ్లూక్సెటిన్ లాంటివి పనిచేయడం మొదలుపెట్టడానికే రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఈలోపు కొందరు పిల్లల్లో అలజడి, చావు ఆలోచనలు పెరగవచ్చు. అట్లా కనిపిస్తే అదేరోజు డాక్టరుకు చెప్పాలి. లేని మాటలు వినబడడం, భ్రమలు లాంటివాటికి ఇచ్చే హాలోపెరిడాల్, రిస్పెరిడోన్ లాంటివి మొదలుపెట్టిన కొత్తలో, మోతాదు పెంచినప్పుడు మెడ ఒకపక్కకు తిరిగిపోవచ్చు, కళ్లు పైకి నిలిచిపోవచ్చు, దవడ బిగుసుకోవచ్చు. చూసినవాళ్లు గాలి సోకిందంటారు. అది మందు ప్రభావమే. ఆసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకుపోతే ఒక ఇంజెక్షన్‌తో చాలావరకు కాసేపట్లో సర్దుకుంటుంది. దర్గాకో గుడికో పోవడంలో తప్పు లేదు, పోయేటప్పుడు మాత్రల డబ్బా కూడా చేతిలో ఉండాలి. ఉపవాసం ఉండాలనుకుంటే ముందుగా డాక్టరుతో వేళలు మార్పించుకోండి.

మనసు ఒకసారి మరీ పొంగి, ఒకసారి మరీ కుంగే జబ్బుకు ఇచ్చే లిథియం వాడే పిల్లల విషయంలో మన ఎండలకు ప్రత్యేకమైన జాగ్రత్త కావాలి. చెమట పట్టి ఒంట్లో నీళ్లు, ఉప్పు తగ్గితే రక్తంలో లిథియం పెరిగిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో మిట్టమధ్యాహ్నం క్రికెట్ వద్దు. నీళ్లు, ఉప్పు వేసిన మజ్జిగ మామూలుగా తాగుతూ ఉండాలి. ఉప్పు ఒక్కసారిగా తగ్గించడమూ ప్రమాదమే. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు డాక్టరును అడగకుండా వేయొద్దు. చేతులు బాగా వణకడం, వాంతులు, విరేచనాలు, తూలడం కనబడితే తర్వాతి మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి పోవాలి. రక్తంలో లిథియం ఎంతుందో చూసే పరీక్షకు నమూనా ఇచ్చేది చివరి మాత్ర వేసుకున్న 12 గంటలకు, అందుకని ఆ పొద్దున మాత్ర పరీక్ష అయ్యాకే.

యావ పుట్టినప్పుడు

మత్తు కోసం లోపల గుంజే యావ ఎప్పుడూ ఒకే తీరుగా ఉండదు. పెరుగుతుంది, తారస్థాయికి పోతుంది, సాధారణంగా అరగంట లోపే తగ్గుతుంది. ఆ అరగంట గడపడం నేర్చుకోదగిన పనే.

వాడు ఒక చిన్న నోటుబుక్కులో టైము, యావ ఎంతుందో 0 నుంచి 10 వరకు అంకె వేయాలి. తర్వాత ఉన్నచోటు మారాలి: గదిలో ఉంటే బయటికి, వీధి చివర ఉంటే ఇంటికి. ఏదైనా తినాలి, నీళ్లు తాగాలి, ఎందుకంటే ఆకలినీ అలసటనీ కూడా ఈ పిల్లలు యావ అనుకుంటారు. ముందే మాట్లాడిపెట్టుకున్న ఒక మనిషికి ఫోన్ చేయాలి. ఐదు నిమిషాలకోసారి మళ్లీ అంకె వేయాలి. అంకె 8 నుంచి 3కి దిగడం తన చేతిరాతలోనే చూసుకున్న పిల్లవాడికి, పెద్దలు ఎన్ని మాటలు చెప్పినా రాని నమ్మకం వస్తుంది.

ఇది తప్పేది ఎక్కడంటే, నోటుబుక్కును అమ్మ దొంగతనంగా చదివినప్పుడు. ఒక్కసారి చదివితే ఆ తర్వాత అన్నీ సున్నాలే వేస్తాడు. వాడు చూపిస్తేనే చూడండి.

పది రోజులకు ఆ పేజీల్లో ఒక తీరు కనిపిస్తుంది: సాయంత్రం ఐదు తర్వాత, శనివారాలు, చేతిలో ఐదువందలు ఉన్నప్పుడు, పాత స్నేహితుడి మెసేజ్ వచ్చినప్పుడు. ఏర్పాట్లు అక్కడే చేయాలి. చేతి ఖర్చుకు ఏరోజుది ఆరోజే ఇవ్వండి. సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది వరకు వాడికి ఇష్టమైన పని ఒకటి, తోడుగా మనిషి ఒకరు ఉండాలి. నిద్ర 8 గంటలకు తగ్గకూడదు, రాత్రి ఫోన్ వాడి గదిలో ఉండకూడదు.

జారితే

నెలలోపే ఒకసారి మళ్లీ మత్తులోకి జారే పిల్లలు చాలామంది. ఆ రాత్రి పంచాయితీ పెట్టొద్దు, మత్తులో ఉన్నవాడికి ఏదీ ఎక్కదు. ముందు ప్రాణం చూడండి. ఇంజెక్షన్లు, టాపెంటడాల్ లాంటి నొప్పి మాత్రలు మత్తుకు వాడిన పిల్లలకు ఇది మరీ ముఖ్యం. వార్డులో వాటికి దూరంగా ఉన్న వారాల్లో ఒంటికి ఆ అలవాటు తప్పింది, పాత మోతాదే ఇప్పుడు ఊపిరి ఆపగలదు. ఈ మాట వాడికి ముందే చెప్పి ఉంచాలి. లేపితే లేవకపోవడం, గురగురమనే శ్వాస, నీలం తిరిగిన పెదవులు చూస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టి 108 పిలవండి. వైట్‌నర్, పంక్చర్ సొల్యూషన్ పీలుస్తూ కనబడితే అరిచి వెంటపడొద్దు. ఆ ఆవిరి ఒంట్లో ఉండగా ఒక్కసారి బెదిరి పరుగెత్తితే గుండె లయ తప్పి ఆగిపోయే ప్రమాదం ఉంది. మెల్లగా దగ్గరికి పోయి, గాలి ఆడేచోట కూర్చోబెట్టండి.

మరుసటి పొద్దున మాట్లాడండి. "యాడికి పోయినావు, ఎవురు ఇచ్చినారు?" అని మొదలుపెడితే అబద్ధం వస్తుంది. "నిన్న దానికి ముందు ఏం జరిగిండె?" అని అడిగితే నోటుబుక్కులో రాయాల్సిన సంగతి తెలుస్తుంది. ఓపీ తేదీ ముందుకు జరిపించండి. డాక్టరు చెప్పకుండా మానసిక జబ్బు మాత్రలు ఆపొద్దు.

మూత్రపరీక్ష కిట్టు కొని రోజూ పరీక్షించే తల్లిదండ్రులకు ఒక మాట. రోజూ గంజాయి తాగినవాడి మూత్రంలో మానేశాక కూడా నెల దాకా పాజిటివ్ రావచ్చు. మొదటి వారాల్లో వచ్చిన పాజిటివ్ చూపించి కొత్తగా తాగావని కొడితే, నిజంగా మానేసినవాడిని మీరే వెనక్కి తోసినట్టు. పరీక్ష కావాలంటే వాడికి చెప్పి, డాక్టరు ద్వారానే చేయించండి.

ఈ వారం పని

ఇంట్లో ప్రమాదకరమైనవన్నీ ఈ రాత్రికే బీగంలోకి చేరాలి. డాక్టరు ఓపీ రోజులు, 14416, మత్తు విముక్తికి జాతీయ హెల్ప్‌లైన్ 14446, వాడు ఎంచుకున్న మనిషి నంబరు ఒక కాగితంలో రాసి గోడకు అంటించండి, అవే నంబర్లు వాడి ఫోన్‌లోనూ వేయించండి. అరగంట సాధన యావ లేనప్పుడే రెండుసార్లు చేయించండి: నోటుబుక్కు తీయడం, చోటు మారడం, తినడం, నిజంగానే ఆ మనిషికి ఫోన్ చేయడం. రెండోసారికి ఎక్కడ తడబడ్డాడో రాసిపెట్టుకోండి. ఇంటర్ కాలేజీకి, హాస్టలుకు తిరిగి పంపడం గురించిన నాలుగో పాఠానికి అది అవసరం.