నొప్పిని దేవుడికి అప్పజెప్పడం ఎలా: మంచం పట్టినవాళ్ళకు, వాళ్ళను కనిపెట్టుకుని ఉండేవాళ్ళకు

"నేనేం పాపం చేశానని నాకీ రోగం?" విజయవాడలో మరియమాత గుడి ఉన్న గుణదల కొండకు వచ్చేవాళ్ళ నోట ఎక్కువగా వినబడే ప్రశ్న ఇదే. దీన్ని తేల్చుకోకుండా కష్టాన్ని సమర్పించబోతే అది జరిమానా కట్టినట్టు ఉంటుంది. యోహాను సువార్త 9వ అధ్యాయంలో పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులూ ఇదే అడిగారు: పాపం వీడిదా, వీడి తల్లిదండ్రులదా? రెండూ కాదన్నాడు యేసు. బైబిల్లో అన్నీ పోగొట్టుకుని రోగంతో బాధపడ్డ యోబు స్నేహితులైతే ఏడు రోజులు నేలమీద ఆయన పక్కన నోరు మెదపకుండా కూర్చున్నారు. వాళ్ళు చేసిన మంచిపని అదొక్కటే. ఆ తర్వాత "నువ్వేదో చేసే ఉంటావు" అని మొదలుపెట్టారు, చివరికి దేవుడి కోపానికి గురయ్యారు. రోగిని చూడ్డానికి హార్లిక్స్ సీసాతో వచ్చే బంధువులకు యోబు గ్రంథం చదివి వినిపిస్తే బాగుంటుంది.

కాబట్టి మొదటి పని ఒప్పుకోవడం కాదు, మొర పెట్టుకోవడం. బైబిల్లో 13వ కీర్తన తీయండి. ఆరే వచనాలు. మొదటి రెండు వచనాల్లోనే "ఎంతకాలం" అని నాలుగుసార్లు వస్తుంది. తలుపు దగ్గరగా వేసుకుని పైకి చదవండి. "ఎంతకాలం" అన్నచోటల్లా ఆగి మీ సంగతి చెప్పండి: ఎంతకాలం ఈ మోకాలు, ఎంతకాలం ఈ అప్పు, ఎంతకాలం ఈ ఖాళీ మంచం. పది నిమిషాలు చాలు. వారం రోజులు ఇదే చేయండి. ఏడుపొస్తే ఏడవండి, కోపమొస్తే ఆ కోపాన్నీ ఆయనకే చెప్పండి. 13వ కీర్తన చివర కాస్త ఊరట ఉంది, 88వ కీర్తనలో అదీ లేదు, చీకటితోనే ముగుస్తుంది. అయినా తిరుసభ (కతోలిక సంఘం) దాన్ని ప్రార్థనల్లోంచి తీసేయలేదు.

ఈ మెట్టు దాటేసి నేరుగా "నీ చిత్తం ప్రభువా" అనేస్తే ఆ మాట పెదవుల మీదే ఉండిపోతుంది. సిలువకు ముందు రాత్రి గెత్సెమనే తోటలో యేసు చేసిన ప్రార్థన వరస గమనించండి. ముందు "ఈ పాత్రను నా నుండి తొలగించు", ఆ తర్వాతే "నీ చిత్తం". అదే ప్రార్థన మూడుసార్లు చేశాడని మత్తయి రాశాడు. మూడుసార్లు అడగడం అవిశ్వాసమైతే ఆయన అడిగేవాడు కాదు.

రెండో పని సమర్పణ. కొలొస్సీయులకు రాసిన లేఖలో (1:24) అపొస్తలుడు పౌలు తన బాధల ద్వారా క్రీస్తు శ్రమల్లో కొదువగా ఉన్నదాన్ని పూర్తిచేస్తున్నానంటాడు. సిలువ మీద పని సగంలో ఆగిందని దీని అర్థం కాదు. 1984 ఫిబ్రవరి 11న రెండో జాన్ పాల్ పోపుగారు బాధ గురించి రాసిన లేఖలో వివరించింది ఇదే: రక్షణ సంపూర్ణమే, అయితే క్రీస్తు తన శ్రమలో మనకూ చోటిచ్చాడు. మూడేళ్ళ ముందు తుపాకి గుండు తగిలి బతికి బయటపడ్డ మనిషి రాసిన లేఖ అది.

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. "నా కష్టాలన్నీ నీకే" అంటారు. అంత పెద్ద మూట ఎత్తడం ఎవరి తరమూ కాదు, మర్నాటికి ఆ మాటే గుర్తుండదు. మూడు సంగతులు తేల్చుకోండి: ఏ బాధ, ఎంతసేపు, ఎవరి కోసం. డయాలసిస్‌కు వెళ్ళేవాళ్ళయితే నాలుగు గంటలూ కాదు, రెండు సూదులూ గుచ్చే ఆ కాసేపు. "ప్రభువా, ఈ సూది మంట నీ గాయాలతో కలిపి, పక్క బెడ్డు మీద తొలిసారి వచ్చి భయపడుతున్న ఆ పిల్లాడి కోసం." అంతే. మనిషి ముఖం కళ్ళముందు మెదలాలి. "లోకశాంతి కోసం" అంటే మనసు నిలవదు. రోజూ పొద్దున మంచం దిగకముందే ఆ రోజు ఎవరి కోసమో అనుకోండి. మందుల క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలో పేరు రాసుకుంటే మరవరు.

ఆదివారం పూజలో దీనికో చోటుంది. కానుకలు అర్పించే సమయంలో గురువు (ఫాదర్ గారు) పాత్రలో ద్రాక్షరసం పోసి, చిన్న సీసాలోంచి ఒకటి రెండు చుక్కల నీళ్ళు కలుపుతారు. ప్రార్థన మెల్లగా చెప్పుకుంటారు గనుక మనకు వినబడదు, చందా సంచీ తిరిగే హడావిడిలో చాలామంది చూడరు కూడా. ద్రాక్షరసంలో పడ్డ ఆ చుక్కను మళ్ళీ విడదీయలేం. మీ వారం బాధను ఆ చుక్కతో పాటు వేయండి.

గుడికి రాలేని రోగులకు దివ్యసత్ప్రసాదం (పూజలో ఇచ్చే అప్పం) ఇంటికే తెస్తారు, విచారణ ఫాదర్ గారికి, అంటే మీ ఊరి గుడి చూసుకునే ఫాదర్ గారికి చెప్పాలి. దాన్ని తీసుకునే ముందు గంట ఉపవాసం ఉండాలన్న నియమం రోగులకూ వృద్ధులకూ వాళ్ళను చూసుకునేవాళ్ళకూ లేదు. షుగర్ ఉన్నవాళ్ళు టిఫిన్ మానుకుని కూర్చోవద్దు.

ఇక వ్యాధిగ్రస్తుల అభ్యంగనం, అంటే రోగికి పవిత్ర తైలం రాసి ప్రార్థించే సంస్కారం. "నూనె పెట్టించారంటే ఇక అయిపోయినట్టే" అన్న భయంతో, స్పృహ తప్పి వెంటిలేటర్ పెట్టాక ఫాదర్ గారికి ఫోన్ చేస్తారు. ఆలస్యమైందని మానుకోవద్దు గానీ, అప్పటికి రోగి పాపసంకీర్తనం (ఫాదర్ గారి దగ్గర పాపాలు చెప్పుకోవడం) చేయలేడు, ప్రార్థనలో పాలుపంచుకోలేడు. ఇది చావుబతుకుల్లో ఉన్నవాళ్ళకే అనుకోవద్దు. జబ్బు తీవ్రమైనప్పుడు, పెద్ద ఆపరేషన్‌కు ముందు, వయసు మీదపడి నీరసించినప్పుడు తీసుకోవచ్చు. కోలుకుని మళ్ళీ పడినా, అదే జబ్బు ముదిరినా మళ్ళీ తీసుకోవచ్చు. ఇచ్చేది గురువు లేదా పీఠాధిపతి (బిషప్) మాత్రమే, సిస్టర్లు, ఉపదేశులు (బోధించే గృహస్థులు) ఇవ్వలేరు.

ఇంట్లో సిద్ధం చేయాల్సింది కొంచెమే. మంచం పక్కన చిన్న బల్ల, తెల్లగుడ్డ, సిలువ, రెండు కొవ్వొత్తులు, గ్లాసుడు నీళ్ళు, కాస్త దూది. టీవీ కట్టేయండి. ఫ్యాన్ తగ్గించకపోతే కొవ్వొత్తి నిలవదు. పాపసంకీర్తనం ఉంటే మిగతావాళ్ళు గదిలోంచి బయటికి వెళ్ళాలి. ఫాదర్ గారు ముందు మాటలేకుండా రోగి తలమీద చేతులుంచుతారు, తర్వాత నుదుటి మీద, అరచేతుల మీద తైలం రాస్తారు. ఐసీయూ అయితే విజిటింగ్ టైమ్ ముందే కనుక్కుని నర్సుకు చెప్పి ఉంచండి. ఆక్సిజన్ ఉన్నచోట కొవ్వొత్తి వెలిగించకూడదు.

నొప్పి మాత్ర వేసుకుంటే సమర్పణ తగ్గిపోతుందని కొందరు మానేస్తారు. తిరుసభ అలా చెప్పలేదు. నొప్పి తగ్గించే మందులు వాడవచ్చని పన్నెండో పయస్ పోపుగారు 1957లోనే వైద్యులకు స్పష్టం చేశారు. పోగొట్టుకోగల బాధను పోగొట్టుకోవాలి. మిగిలిందే సమర్పణకు. అలాగే మొగుడు కొడుతుంటే "నీ సిలువ, మోయమ్మా" అనే సలహా తప్పు. అక్కడ మొదటి పని మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయడం. బతకాలని లేదనిపిస్తే ఫాదర్ గారితో పాటు డాక్టర్‌కూ చెప్పాలి, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఏ వేళైనా పలుకుతుంది.

మొక్కుల సంగతీ ఒక మాట. తలనీలాలు, కొబ్బరికాయ కృతజ్ఞతగా ఇస్తే బాగానే ఉంటుంది. "నయం చేస్తేనే ఇస్తా" అన్న బేరమైతే, నయం కాకపోయిన రోజున విశ్వాసమూ పోతుంది. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో గుణదల తిరునాళ్ళ జనంలో వాకర్‌తో నడిచేవాళ్ళు నలిగిపోతారు. మామూలు పనిదినం పొద్దున్నే రండి. 11న ఇంట్లోనే ఉన్నా ఫర్వాలేదు, లూర్దుమాత పండుగైన ఆ రోజునే తిరుసభ 1993 నుంచి ప్రపంచ రోగుల దినంగా పాటిస్తోంది.

ప్రార్థన అస్సలు రాని రోజులు వస్తాయి. కీమో తర్వాత రెండు మూడు రోజులు జపమాల ఐదు దశకాలు కాదు, ఒక పూస కూడా బరువే. అప్పుడు పూస పట్టుకుని పడుకోండి, "మంగళవార్త జపం" (పూసకొకటి చెప్పే మరియమాత ప్రార్థన) పక్కన కూర్చున్నవాళ్ళు చెబుతారు.