చందనోత్సవం కరపత్రం చెవికీ అర్థమవ్వాలంటే: పీడీఎఫ్‌లో చదివే వరస, ట్యాగులు

సింహాచలం చందనోత్సవానికి వచ్చే భక్తుల కోసం రెండు పేజీల సమాచార పత్రం తయారుచేస్తున్నారనుకుందాం. ఎడమ కాలమ్‌లో దర్శనం వేళలు, కుడి కాలమ్‌లో బస్సులు దొరికే చోట్లు, కింద ఒక పట్టిక, పక్కన దారి పటం. చూపున్నవారికి ఏ ఇబ్బందీ లేదు. అదే పత్రాన్ని చూపు లేని భక్తురాలు స్క్రీన్ రీడర్‌తో (తెరమీది రాతను గొంతుతో చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) వింటే "ఉచిత దర్శనం గాజువాక వైపు వెళ్లే ఉదయం నుంచి హనుమంతవాక దగ్గర" అని రెండు కాలమ్‌లూ కలగాపులగంగా వినపడొచ్చు. స్వామి నిజరూపం కనిపించేది ఏడాదికి ఒక్కరోజు. ఆ రోజున తప్పు చోట బస్సు కోసం నిలబడితే ఆ దర్శనం మళ్లీ ఏడాదికే. అందుకే ఈ పని ఓపిగ్గా చేయాలి.

పీడీఎఫ్‌లో వరస ఒక్కటే ఉండదు. కంటికి కనిపించే అమరిక ఒకటి. సాఫ్ట్‌వేర్ పేజీ మీద బొమ్మలనూ అక్షరాలనూ ఏది ముందు, ఏది తర్వాత గీసిందన్న వరస రెండోది. ట్యాగులంటే ఇది శీర్షిక, ఇది పేరా, ఇది పట్టిక అని కంప్యూటర్‌కు చెప్పే, కంటికి కనిపించని గుర్తులు; వాటి చెట్టులో పైనుంచి కిందికి ఉండే వరస మూడోది. స్క్రీన్ రీడర్ నడిచేది ఈ మూడోదాని వెంటే. అడోబీ వారి పీడీఎఫ్ సాఫ్ట్‌వేర్ అక్రోబాట్‌లో రీఫ్లో (పేజీని తెర వెడల్పుకు సర్ది చూపే పద్ధతి) పెట్టి చూస్తే మాత్రం రెండోది బయటపడుతుంది. ఈ తేడా తెలియకనే చాలామంది ఒకచోట సరిచేసి, ఇంకోచోట వింటూ తికమకపడతారు.

ట్యాగుల కంటే ముందు అక్షరం సంగతి చూడాలి. తెలుగులో అసలు చిక్కు ఇక్కడే. పత్రంలోంచి ఒక వాక్యం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. తెలుగు వస్తే సరే. ఇంగ్లీషు అక్షరాలూ వింత గుర్తులూ వస్తే అది అను లాంటి పాత ఫాంట్లలో కంపోజ్ చేసిన పత్రం. తెరమీద తెలుగులా కనిపిస్తుంది గానీ కంప్యూటర్ దృష్టిలో అది తెలుగు కాదు. దానికి ఎంత చక్కగా ట్యాగులు కట్టినా వృథాయే. మూల ఫైలుకు వెళ్లి యూనికోడ్‌లోకి (తెలుగు అక్షరాన్ని కంప్యూటర్ తెలుగుగానే గుర్తించే పద్ధతిలోకి) మార్చాలి, మార్చాక వాక్యం వాక్యం దిద్దాలి. పాత పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలుగు చేతకాదు. ఇన్‌డిజైన్‌లో అయితే వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోవాలి, లేకపోతే వత్తులూ గుణింతాలూ చెదురుతాయి. స్కాన్ చేసిన పేజీ అయితే అది ఉత్త ఫోటో. టెసరాక్ట్ లాంటి ఓసీఆర్ (బొమ్మలోంచి అక్షరాలను పట్టే సాఫ్ట్‌వేర్) తెలుగును గుర్తుపడుతుంది గానీ వత్తుల దగ్గర పొరపడుతుంది, దిద్దుబాటు తప్పదు.

యూనికోడ్‌లో ఉన్న పత్రంలోనూ కంటికి దొరకని తప్పులు కొన్ని ఉంటాయి. సున్నకు బదులు అంకె సున్నా కొట్టడం మొదటిది: "విశాఖపట్న0" అని ఉంటే చూడ్డానికి తేడా తెలియదు, గొంతు మాత్రం "విశాఖపట్న జీరో" అంటుంది. అందం కోసం "ప్ర క ట న" అని అక్షరాల మధ్య ఖాళీలు కొడితే అక్షరం అక్షరం విడిగా చదువుతుంది. ఎడం కావాలంటే ఫాంట్ సెట్టింగులలో క్యారెక్టర్ స్పేసింగ్ పెంచండి. లైను చివర పదం పట్టక ఎంటర్ కొట్టి "చందనో" ఒక లైనులో, "త్సవం" ఇంకో లైనులో పడేస్తే అవి రెండు పదాలైపోతాయి. "ఉ. 6 గం." అని కుదించకుండా "ఉదయం 6 గంటలకు" అని పూర్తిగా రాయండి, చెవికి హాయిగా ఉంటుంది.

వరస దిద్దే పని వీలైనంతవరకూ వర్డ్‌లోనే ముగించండి. పీడీఎఫ్‌లో గంట పట్టేది ఇక్కడ పది నిమిషాల్లో అయిపోతుంది, పత్రం మారినప్పుడల్లా మళ్లీ చేయక్కర్లేదు. శీర్షికను లావు చేసి వదిలేయకుండా హెడింగ్ 1 స్టైల్ ఇవ్వండి (కంట్రోల్, ఆల్ట్, 1 కలిపి నొక్కితే చాలు), ఉపశీర్షికలకు హెడింగ్ 2. ఒకటి తర్వాత మూడుకు దూకకండి. రెండు కాలమ్‌లు కావాలంటే లేఅవుట్‌లోని కాలమ్స్ వాడండి, ట్యాబులూ స్పేసులూ కొట్టి నెట్టకండి. టెక్స్ట్ బాక్సుల జోలికి పోకపోవడం మంచిది: తేలే బాక్సు పేజీలో ఎక్కడ కనిపించినా, దాని యాంకర్ (ఆ బాక్సు అతుక్కున్న పేరా) ఉన్నచోటే చదవబడుతుంది. బొమ్మలను "ఇన్ లైన్ విత్ టెక్స్ట్"లో పెట్టండి. పట్టిక మొదటి అడ్డు వరసకు "రిపీట్ హెడర్ రోస్" ఎంచుకోండి.

తర్వాత ప్రింట్ టు పీడీఎఫ్ కొట్టకండి. దాంతో ట్యాగులన్నీ పోతాయి. సేవ్ యాజ్‌లో పీడీఎఫ్ ఎంచుకుని, ఆప్షన్స్‌లో "డాక్యుమెంట్ స్ట్రక్చర్ ట్యాగ్స్ ఫర్ యాక్సెసిబిలిటీ" గడికి టిక్ ఉందో లేదో చూడండి. లిబ్రెఆఫీస్‌లోనూ పీడీఎఫ్ ఎక్స్‌పోర్ట్ కిటికీలో ఇలాంటిదే "టాగ్డ్ పీడీఎఫ్" అని ఉంటుంది.

ఇక అక్రోబాట్ ప్రో. మొదలుపెట్టే ముందు ఫైలును వేరే పేరుతో దాచుకోండి, ఇక్కడ చేసిన మార్పులన్నీ వెనక్కి రావు. ట్యాగ్స్ ప్యానెల్ తెరిచి మొదటి ట్యాగు మీద నిలబడి కింది బాణం కీ నొక్కుతూ పోండి. ఏ ట్యాగు దగ్గరుంటే పేజీలో ఆ భాగం చుట్టూ గీత వెలుగుతుంది (వెలగకపోతే ప్యానెల్ మెనూలో "హైలైట్ కంటెంట్" ఎంచుకోండి). మీరైతే పత్రాన్ని ఎలా చదివి వినిపిస్తారో గీత అలాగే కదలాలి: శీర్షిక, దర్శనం వేళలు పూర్తిగా, ఆ తర్వాతే బస్సులు, పట్టిక, పటం. తప్పినచోట ట్యాగును మౌస్‌తో పట్టుకుని సరైన చోటికి లాగండి.

పక్కనే ఆర్డర్ ప్యానెల్ కనిపిస్తుంది, అక్కడ లాగడం తేలికనిపిస్తుంది. జాగ్రత్త. అక్కడ మారేది గీసే వరస కూడా. వెనకుండాల్సిన రంగు పెట్టె ముందుకొచ్చి అక్షరాలను కప్పేస్తుంది, పేజీలో పేరా మాయమైనట్టు కనిపిస్తుంది. రీఫ్లో కోసం తప్పనిసరైతేనే అక్కడ చేయిపెట్టండి.

ఆటోట్యాగ్ చేసిన (సాఫ్ట్‌వేరే తనంతట తాను ట్యాగులు వేసిన) పత్రాల్లో తరచూ కనిపించే రోగం, ప్రతి లైనూ ఒక విడి పీ (పేరా) ట్యాగు కావడం. గొంతు లైను లైనుకూ ఆగిపోతుంది. ఆ లైన్ల కంటెంట్‌ను మొదటి పీ కిందికి లాగి, ఖాళీ ట్యాగులు తీసేయండి. జాబితా అయితే మొత్తానికి ఎల్, దాని కింద ఒక్కో అంశానికి ఎల్‌ఐ, దాని కింద గుర్తుకు ఎల్‌బీఎల్, మాటలకు ఎల్‌బాడీ. చేత్తో "అ), ఆ), ఇ)" అని కొట్టినవి జాబితాలు కావు, మామూలు పేరాలుగానే మిగులుతాయి. పేజీ సంఖ్య, ప్రతి పేజీలో తిరిగొచ్చే హెడర్, అలంకారపు అంచు, వీటిని ఆర్టిఫాక్ట్‌గా (స్క్రీన్ రీడర్ వదిలేసేదిగా) మార్చేయండి. లేదంటే వాక్యం మధ్యలో "పేజీ 2" అని వినపడుతుంది.

పట్టికకు కాస్త ఎక్కువ సమయం ఇవ్వండి. టేబుల్ కింద టీఆర్ (అడ్డు వరస), దాని కింద టీహెచ్ (శీర్షిక గడి), టీడీ (మామూలు గడి) ఉండాలి. టేబుల్ ఎడిటర్‌లో పై వరస గడుల మీద కుడి క్లిక్ చేసి, హెడర్ సెల్ ఎంచుకుని స్కోప్‌లో (ఆ శీర్షిక ఏ గడులకు వర్తిస్తుందో చెప్పేచోట) కాలమ్ పెట్టండి. ఊళ్ల పేర్లున్న ఎడమ గడులకు స్కోప్ రో. ఇది లేకపోతే వినేవారికి "6, 8, 10" అని అంకెలే వినిపిస్తాయి, అవి గాజువాక బస్సులవో పెందుర్తి బస్సులవో తెలియదు. కలిపేసిన గడులున్న పట్టికను దిద్దడం కంటే రెండు చిన్న పట్టికలుగా విడగొట్టడమే మేలు.

దారి పటానికి ప్రత్యామ్నాయ పాఠంలో (బొమ్మ బదులు వినిపించే వివరణలో) "దారి పటం" అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ఎక్కడ దిగాలి, ఎటు తిరగాలి, తర్వాత ఏ మలుపు వస్తుంది, ఇవి రాయాలి. రెండు మూడు వాక్యాలు దాటితే ఆ వివరం పత్రంలోనే అందరికీ కనిపించేలా పెట్టి, బొమ్మ దగ్గర "వివరం కింద ఉంది" అనండి.

భాష చెప్పడం మరవకండి. డాక్యుమెంట్ ప్రాపర్టీస్, అడ్వాన్స్‌డ్‌లో లాంగ్వేజ్ గడి ఉంది. జాబితాలో తెలుగు కనిపించకపోతే ఆ గడిలోనే టీ, ఈ అనే రెండు చిన్న ఇంగ్లీషు అక్షరాలు టైపు చేయండి. లేదంటే ఇంగ్లీషు గొంతు తెలుగు చదవబోయి మూగబోతుంది. ఇనిషియల్ వ్యూలో ఫైల్ నేమ్ బదులు డాక్యుమెంట్ టైటిల్ చూపించమని పెట్టండి. లింకులుంటే పేజీ ప్రాపర్టీస్‌లో ట్యాబ్ ఆర్డర్‌ను "యూజ్ డాక్యుమెంట్ స్ట్రక్చర్"కు మార్చండి.

తర్వాత పాక్ అనే ఉచిత పరీక్ష సాఫ్ట్‌వేర్‌తో చూడండి. అంతా పచ్చగా వచ్చిందని మాత్రం తృప్తిపడకండి. ట్యాగు ఉందా లేదా అన్నది యంత్రం చెబుతుంది, బస్సుల కంటే ముందు దర్శనం వేళలు రావాలన్నది దానికెలా తెలుస్తుంది? ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ వేసి, అందులో ఈస్పీక్ తెలుగు గొంతు ఎంచుకుని, మానిటర్ ఆపేసి మొదటినుంచి వినండి. హెచ్ కీతో శీర్షికల మీదా, టీ కీతో పట్టిక దగ్గరికీ వెళ్లండి. పట్టికలో కంట్రోల్, ఆల్ట్ పట్టుకుని బాణాలు నొక్కితే గడితో పాటు దాని శీర్షిక వినపడాలి. మీరు దిద్దిన వరస వినిపించకపోతే అడోబీ రీడర్ ప్రిఫరెన్సెస్‌లోని రీడింగ్ విభాగం చూడండి: "ఓవర్‌రైడ్ ద రీడింగ్ ఆర్డర్" గడికి టిక్ ఉంటే మీరు వింటున్నది మీ ట్యాగులను కాదు. స్క్రీన్ రీడర్ రోజూ వాడేవారు ఒకరు విని చెబితే మన చెవికి తట్టనివీ దొరుకుతాయి.

ఫోన్లలోని చాలా పీడీఎఫ్ యాప్‌లు ట్యాగులను సరిగా పట్టించుకోవు. మన దగ్గర ఇలాంటి పత్రం ఎక్కువగా తిరిగేది వాట్సాప్‌లోనే కాబట్టి అదే విషయాన్ని మామూలు సందేశంగా కూడా పంపండి. జేపీజీ బొమ్మ ఒక్కటే పంపితే ఆండ్రాయిడ్ ఫోన్‌లోని స్క్రీన్ రీడర్ టాక్‌బ్యాక్‌కు చాలాసార్లు అది "ఫోటో" మాత్రమే.

సైజు తగ్గించే వెబ్‌సైట్లు, రెండు ఫైళ్లు కలిపే ఉచిత సాధనాలు ట్యాగులను చెప్పాపెట్టకుండా తీసేస్తుంటాయి. వెబ్‌సైట్‌లో పెట్టాక ఆ ఫైలును అక్కడినుంచే డౌన్‌లోడ్ చేసుకుని ట్యాగ్స్ ప్యానెల్ తెరవండి. "నో ట్యాగ్స్ అవైలబుల్" అని ఉంటే మధ్యలో ఎవరో సైజు తగ్గించారన్నమాట. దాచుకున్న అసలు ఫైలునే మళ్లీ ఎక్కించండి.