లేజర్ కిరణాలను ఒకటిగా కలిపే ముందు జాగ్రత్తలు

ఫిబ్రవరి 28న జరిగే జాతీయ సైన్స్ దినోత్సవ ప్రదర్శనల కోసం విజయనగరం, శ్రీకాకుళం కళాశాలల్లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం లేజర్లను కలిపి తెల్లని కిరణం చూపదలచిన విద్యార్థులు స్విచ్ వేయక ముందే వీటిని సరిచూసుకోవాలి.

• కిరణాలతో పాటు శక్తి కూడా కలుస్తుంది. విడిగా 4 మిల్లీవాట్ల చొప్పున ఉన్న మూడు కిరణాలు ఒకటైతే దాదాపు 12 మిల్లీవాట్లవుతాయి. 5 మిల్లీవాట్లు దాటాక రెప్పపాటు కంటిని కాపాడుతుందని నమ్మలేము, రెటీనాకు తగిలే గాయం చాలావరకు శాశ్వతం.

• రక్షణ కళ్లద్దాలపై ముద్రించిన తరంగదైర్ఘ్యాలను చదవాలి, ఎందుకంటే 532 నానోమీటర్ల ఆకుపచ్చను ఆపేవి 650 నానోమీటర్ల ఎరుపును ఆపకపోవచ్చు. చౌక ఆకుపచ్చ పాయింటర్ల నుండి 808, 1064 నానోమీటర్ల పరారుణ కిరణాలు కూడా వెలువడవచ్చు. కంటికి కనిపించవు కనుక వాటిని ఎవరూ లెక్కచేయరు.

• చూసేందుకు వచ్చే పిల్లల కంటిస్థాయిలో కిరణం ఉండరాదు. చివర నల్లని అడ్డు తప్పనిసరి.

• వేర్వేరు రంగులకు డైక్రోయిక్ అద్దం (ఒక రంగును దాటనిచ్చి, మరో రంగును పరావర్తనం చేసేది) వాడాలి. ఒకే రంగు కిరణాలు రెండైతే ధ్రువణాలను, అంటే కాంతి తరంగాలు కంపించే దిశలను, పరస్పరం లంబంగా ఉంచి, ధ్రువణ ఘనంతో (ఒక ధ్రువణాన్ని దాటనిచ్చి, దానికి లంబమైనదాన్ని పరావర్తనం చేసే గాజు ఘనంతో) కలపాలి. మూడవదానికి అందులో చోటు లేదు. సగం కాంతిని దాటనిచ్చి, సగాన్ని పరావర్తనం చేసే సగం పూత అద్దం చవకే గాని, ప్రతి కిరణంలోనూ సగం వృథా అవుతుంది.

• దగ్గర ఒకచోట, కొన్ని మీటర్ల దూరాన మరొకచోట చుక్కలు కలుస్తున్నాయో లేదో చూడాలి. ఒక్కచోటే కలిస్తే అవి సమాంతరంగా లేవని అర్థం.

• ఏసీ గది నుండి తెచ్చిన అద్దాలపై తీరప్రాంతపు తేమ పట్టవచ్చు, ఆరేదాకా ఆగాలి.