సాక్సు మోగితే ముందు పాప వైపు చూడండి

కాలికి తొడిగే బేబీ మానిటర్‌ని మా ఆడపడుచు పంపితే, పర్లాకిమిడిలో మా ఇంట్లో దాన్ని చూసిన అత్తగారు అడిగిన మొదటి మాట "మరి కడియం ఏ కాలికి పెడతావమ్మా?" అప్పుడు నవ్వేశాను కానీ రెండో రాత్రికే తెలిసింది, అడగాల్సిన ప్రశ్న అదేనని.

కొనేముందు ఒక మాట. వీటిలో ముఖ్యంగా రెండు రకాలు. సాక్సు రకం పాదంలోకి ఎర్ర కాంతి, ఇన్‌ఫ్రారెడ్ కాంతి పంపి రక్తంలో ఆక్సిజన్ శాతం, గుండె వేగం చెబుతుంది, తేడా వస్తే మోగుతుంది. క్లిప్ రకం డైపర్ నడుముకి తగిలిస్తే పొట్ట కదలికను గమనిస్తుంది, కాసేపు కదలిక లేకపోతే మోగుతుంది. క్లిప్‌కి సాధారణంగా ఫోనూ వైఫై అక్కర్లేదు, అది మంచిదే, కానీ మనలాగా రోజంతా గుడ్డ గోచీ కట్టే ఇళ్ళలో అది నిలవదు, వేలాడిపోతుంది. నేనైతే గోచీ పిల్లలకి సాక్సే అంటాను.

వయసు కూడా చూసుకోండి. ఔలెట్ కంపెనీ డ్రీమ్ సాక్‌కి అమెరికాలో మందులు, వైద్య పరికరాలని పరీక్షించి అనుమతిచ్చే ఎఫ్‌డీఏ సంస్థ 2023 నవంబరులో అనుమతిచ్చింది, అది కూడా ఆరోగ్యంగా ఉన్న 1 నుంచి 18 నెలల పిల్లలకి. అంటే మనం అందరికంటే ఎక్కువ భయపడే పురిటి నెల దాని లెక్కలోనే లేదు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకో, గుండె, ఊపిరితిత్తుల సమస్య ఉన్న బిడ్డకో అయితే పిల్లల డాక్టర్ని అడక్కుండా ఏదీ తొడగొద్దు.

ఇక తొడగడం. ఆ కాలి కడియం, నల్లదారం తీసేయాలి. నూనె మర్దన చేసి స్నానం చేయించాక పాదం మీద జిడ్డు మిగిలి ఉంటుంది, మెత్తటి గుడ్డతో బాగా తుడవకపోతే సెన్సర్ జారిపోతుంది. పాదం చల్లగా ఉంటే రక్తం సరిగా ఆడదు, అంకె కుదరదు, చలికాలంలో అయితే ముందు అరచేతుల్లో కాసేపు వెచ్చబెట్టండి. బిగుతుగా కట్టొద్దు. పొద్దున్న విప్పగానే ఎర్రటి మచ్చ ఉందేమో చూసి, ఆ రాత్రికి రెండో కాలికి మార్చండి (కడియం కూడా అటూ ఇటూ మారుతుంది, మా అత్తగారు దీనికి ఒప్పుకోవడానికి వారం పట్టింది).

చీర ఉయ్యాలలో ఉండగా ఇది సరిగా పనిచేస్తుందని ఆశ పెట్టుకోకండి. ఊపుకి కాలు కదులుతుంది, రీడింగ్ గందరగోళమవుతుంది. అది అలా ఉంచితే, ఉయ్యాలలో బిడ్డ మెడ ముందుకి వంగిపోతుంది, అసలు ప్రమాదం అది. ఊపి నిద్రపుచ్చండి, నిద్రపోగానే తీసి గట్టి పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టండి, తల గుండ్రంగా రావాలని పెట్టే ఆవాల దిండు కూడా తీసేయండి. నిద్రలో హఠాత్తుగా పసిపిల్లలు పోయే ప్రమాదాన్ని ఈ మానిటర్లు తగ్గిస్తాయని నమ్మి వాడొద్దని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘమే చెబుతోంది. వెల్లకిలా పడుకోబెట్టడం, మీ గదిలోనే విడి పక్క వేయడం, ఇంట్లో బీడీ, సిగరెట్ పొగ లేకపోవడం, ఇవి ఏ సాక్సూ చేయలేని పనులు.

కరెంటు సంగతి. సాక్సుకి బ్యాటరీ ఉన్నా, దానితో మాట్లాడే బేస్ గోడ ప్లగ్‌కే ఉంటుంది, వైఫై రౌటరూ అంతే. గాలివానకి కరెంటు పోతే రెండూ ఒకేసారి నిద్రపోతాయి, కాబట్టి రెండింటినీ ఇన్వర్టర్ లైనుకి కలపండి. చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై కావాలి, 5 గిగాహెర్ట్జ్‌కి కలిపితే కనెక్ట్ కావు. విదేశం నుంచి తెప్పించినదైతే అడాప్టర్ మీద 100-240 వోల్టులని ఉందో లేదో చూడకుండా ప్లగ్‌లో పెట్టకండి. ఫోన్‌లో ఆ యాప్‌కి బ్యాటరీ సేవర్ తీసేయండి, లేకపోతే అర్ధరాత్రి ఫోన్ దాన్ని మూసేస్తుంది.

మోగితే? మొదటి వారం రాత్రి రెండింటికి మోగింది. నేను చేసిన పిచ్చి పని, ముందు ఫోన్ తీసి అంకె చూడటం. పాప హాయిగా కాళ్ళు తన్నుకుంటోంది, తన్ని తన్ని సాక్సు జారిపోయింది. అలా చేయకండి. లైటు వేసి ముందు పెదవుల రంగు, ఛాతీ కదలిక చూడండి, అరికాలు తట్టండి. బాగుంటేనే సాక్సు సంగతి. నీలంగా ఉన్నా, తట్టినా ఉలకకపోయినా ఇంట్లో వాళ్ళని కేకేయండి, ఒకరు 108కి ఫోన్ చేయాలి, నేర్చుకున్నవాళ్ళుంటే సీపీఆర్ మొదలెట్టాలి. మాకు నది దాటితే ఆంధ్రలోని పాతపట్నం, ఫోన్ ఏ రాష్ట్రం టవర్ పట్టుకుందో తెలీదు, అందుకే ఫోన్ ఎత్తగానే "ఒడిశా, గజపతి జిల్లా, పర్లాకిమిడి" అని ముందే చెప్పేయండి.

సాక్సు మోగలేదు కదా అని ఊరుకోవడం ఇంకో తప్పు. మేనిఛాయ ముదురుగా ఉన్నవాళ్ళకి పల్స్ ఆక్సీమీటర్లు (ఈ సాక్సులా కాంతితో కొలిచేవి) ఆక్సిజన్‌ని ఉన్నదానికంటే కాస్త ఎక్కువ చూపించవచ్చు. పాలు తాగడం మానేసినా, డొక్కలు ఎగరేసినా, జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్నా, మరీ చల్లబడినా అంకె 98 ఉన్నా ఆస్పత్రికి వెళ్ళాల్సిందే. ఆశా దీదీ ఇంటికొస్తుంది కదా, బిడ్డ పుట్టాక 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో, ఆమె దగ్గర శ్వాస లెక్కపెట్టడం నేర్చుకోండి. నిద్రలో ఉన్నప్పుడు పొట్ట వైపు చూస్తూ పూర్తి నిమిషం లెక్కపెట్టాలి, అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేయకూడదు, ఎందుకంటే పసిపిల్లలు గబగబా పీల్చి, కొన్ని సెకన్లు ఆగి, మళ్ళీ మొదలెడతారు. రెండు నెలల లోపు బిడ్డకి 60 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే మళ్ళీ లెక్కపెట్టండి, మళ్ళీ అంతే ఉంటే బయల్దేరండి. రెండు నెలలు దాటి ఏడాది లోపైతే ఆ హద్దు 50.

నాకైతే ఇంకో ఇబ్బంది వచ్చింది, యాప్ చూస్తూ నిద్ర మానేశాను. మా ఆయన నా ఫోన్లోంచి యాప్ తీసేసి తన ఫోన్లో ఉంచుకున్నారు, నాకు బేస్ చేసే చప్పుడు చాలు. టెన్షన్ పడే అమ్మలు ఇది మొదటి రోజే చేసేయండి.

ఇప్పుడు మా పాపకి ఏడో నెల, సాక్సు పీకి నోట్లో పెట్టుకుంటోంది. అందుకే ఛార్జింగ్ వైరు, బేస్ వైరు పాప పడుకునే పక్కకి కనీసం మూడడుగుల దూరంలో, గోడకి అతికించి పెట్టాం.