జర్మనీలో నర్సు ఉద్యోగం: సంతకం పెట్టే ముందు

మన ప్రైవేటు ఆసుపత్రుల్లో నర్సులు ఎందుకు నిలవడం లేదో 2016 నాటి కాగితాలే చెబుతాయి. సుప్రీంకోర్టు ఆదేశంతో కేంద్రం వేసిన కమిటీ, 50 పడకల్లోపు ఆసుపత్రిలోనూ నెల జీతం 20,000 రూపాయలకు తగ్గకూడదనీ, 200 పడకలు దాటితే ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలనీ సిఫార్సు చేసింది. సిఫార్సే, చట్టం కాదు. అందుకే జీఎన్‌ఎం, బీఎస్సీ నర్సింగ్ చదివినవాళ్లు జర్మన్ క్లాసుల్లో కూర్చుంటున్నారు.

ముందు భాష. రోజూ క్లాసుకెళ్లినా తొలి మెట్టు ఏ1 నుంచి నాలుగో మెట్టు బీ2కి చేరేసరికి ఏడాది పడుతుందనుకోండి. ఆరు నెలల్లో అయిపోతుందనే సంస్థ మీకు అమ్ముతున్నది ఆశ. గోథె సంస్థ పెట్టే బీ2 పరీక్షలో చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం వేర్వేరు భాగాలు. ఒక్కోదానిలో 100కి 60 రావాలి. ఒకటి పోతే అదొక్కటే మళ్లీ రాయొచ్చు.

క్లాసులు నడుస్తుండగానే కాగితాల పని మొదలుపెట్టాలి. ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. మార్కుల మెమో చాలదు. ఏ సబ్జెక్టుకు ఎన్ని గంటల థియరీ, ఏ వార్డులో ఎన్ని గంటల ప్రాక్టికల్ చేశారో కాలేజీ ముద్రతో ట్రాన్‌స్క్రిప్ట్ కావాలి. జర్మన్ అధికారులు మన చదువును వాళ్ల కోర్సుతో పోల్చి, తేడాలన్నీ రాసి 'డెఫిజిట్‌బెషైడ్' అనే ఉత్తర్వు ఇస్తారు. 'పిల్లల వార్డు' అని ఉండి గంటలు లేకపోతే అదీ లోటు కిందికే వెళ్లే ప్రమాదం ఉంది. ఉద్యోగ అనుభవం కొంత లోటు పూడుస్తుంది కాబట్టి ఎక్స్‌పీరియన్స్ లెటర్‌లో తేదీలు, వార్డు, వారానికి ఎన్ని గంటలో రాయించుకోండి. మిగిలిన లోటుకు అక్కడ శిక్షణైనా తీసుకోవాలి, పరీక్షైనా రాయాలి. పరీక్ష తప్పితే మరొక్కసారే అవకాశం.

ఇక ఆఫర్ లెటర్. అక్కడ నర్సుగా గుర్తింపు వచ్చేదాకా ఇచ్చేది సాధారణంగా సహాయకుల జీతమే. ముందెంత, తర్వాతెంత అన్న రెండు అంకెలూ అందులో ఉండాలి. 'బ్రుట్టో' అంటే కోతలకు ముందు మొత్తం. ఒంటరిగా ఉండేవారికి పన్ను, బీమాల కింద ఇంచుమించు మూడో వంతు పోతుంది: 2,800 యూరోలంటే చేతికొచ్చేది 1,900 పైచిలుకు. అద్దె అందులోంచే కట్టాలి.

ఒప్పందంలో 'మధ్యలో మానేస్తే ఖర్చులు తిరిగి చెల్లించాలి' అనే షరతుంటే, ఎంత, ఎన్ని నెలలు పనిచేశాక తీరిపోతుంది అన్నది అంకెల్లో రాయించుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఏజెంటు దగ్గర ఉంచొద్దు. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రాలో ఓమ్‌క్యాప్ విదేశీ ఉద్యోగాలు చూసే ప్రభుత్వ సంస్థలే; ప్రైవేటు ఏజెంటుకు డబ్బు కట్టకముందే అక్కడోసారి అడగండి.