తోటి మాజీ సైనికులతో పాత తీర ఫిరంగి స్థావరాన్ని చూసే పద్ధతి

పాత తీర ఫిరంగి స్థావరానికి వెళ్ళేవారిలో చాలామంది నేరుగా ఫిరంగి దగ్గరికి నడిచి, ఫొటో దిగి తిరిగి వచ్చేస్తారు. తోటి మాజీ సైనికులతో వెళ్ళినప్పుడు ఆ పద్ధతి పనికిరాదు. కాల్పుల ఆజ్ఞ ఏ దారిన ఫిరంగి దాకా చేరేదో ఆ దారినే నడవాలి. అంటే ముందు పరిశీలన కేంద్రం, తరువాత మందుగుండు గదులు, చివర ఫిరంగి.

బయలుదేరే ముందు నిర్వాహకులను అడిగి, భూగర్భ గదులకు ఎన్ని మెట్లు దిగాలో, పట్టుకోవడానికి కమ్మీలు ఉన్నాయో లేదో, ఆ రోజు ఉత్తుత్తి కాల్పుల ప్రదర్శన ఏదైనా ఉందో కనుక్కోవాలి. చివరిదాన్ని తేలికగా తీసుకోకూడదు. హఠాత్తుగా వినిపించే పేలుడు శబ్దం యుద్ధం చూసి వచ్చిన మనిషిని ఎక్కడికి తీసుకుపోతుందో పక్కవారు ఊహించలేరు కనుక, అందరికీ ముందే చెప్పి, వద్దనుకున్నవారు దూరంగా కూర్చునే ఏర్పాటు చేయాలి. ఫిరంగుల పక్కన ఏళ్ళ తరబడి పనిచేసినవారిలో వినికిడి తగ్గినవారు ఉంటారు. కాంక్రీటు గోడల మధ్య గైడు మాటలు ప్రతిధ్వనిలో కలిసిపోతాయి కాబట్టి వివరణంతా బయటే విని, లోపల చూడటం మాత్రమే పెట్టుకోవడం మేలు.

ఫ్రాన్సులోని నార్మండీ తీరంలో రెండో ప్రపంచ యుద్ధకాలంలో జర్మన్లు కట్టిన లాంగ్ సుర్ మేర్ స్థావరం ఈ క్రమానికి చక్కగా సరిపోతుంది. పరిశీలన కేంద్రం కొండచరియ అంచున ఉంటే, 150 మిల్లీమీటర్ల నౌకాదళ ఫిరంగుల కోసం కట్టిన నాలుగు కాంక్రీటు గూళ్ళు దాని వెనుక ఉన్నాయి. 1944 జూన్ 6న మిత్రపక్షాల నౌకలపై కాల్పులు జరిపిన ఈ స్థావరం మరునాడే బ్రిటిష్ సేనల వశమైంది.

పరిశీలన కేంద్రంలో తొందరపడకూడదు. కొన్ని పాత స్థావరాలలో సముద్ర మట్టం నుంచి పరికరం ఉన్న ఎత్తు, ఓడ వైపు కిందికి చూసే కోణం, ఈ రెండింటితోనే దూరాన్ని లెక్కగట్టేవారు. ఆటుపోట్లతో నీటిమట్టం మారితే ఆ ఎత్తూ మారుతుంది కనుక లెక్కను ఎప్పటికప్పుడు సరిదిద్దవలసి వచ్చేది. గన్నర్లుగా పనిచేసినవారు ఇక్కడ వాదనకు దిగడం ఖాయం, వారిని ఆపకుండా ఉండటమే మంచిది.

పంతొమ్మిదో శతాబ్దపు మందుగుండు గదుల్లో గోడకు అమర్చిన గాజు పలకల కోసం వెతకండి. దీపాన్ని గాజుకు అవతల వేరే సందులో ఉంచి, మంట మందును తాకకుండా వెలుతురు మాత్రమే లోపలికి వచ్చేలా చేసేవారు. అక్కడ తల వంచి నడవాలి, మోకాళ్ళ నొప్పులున్నవారిని మెట్లు దిగమని బలవంతపెట్టకూడదు. ఎక్కడైనా పాత గుండు వంటి వస్తువు కనిపిస్తే ముట్టుకోకుండా సిబ్బందికి చెప్పాలి.

ఫిరంగి దగ్గర కనీసం గంట సమయం ఉంచుకొని, ఎవరు ఏ పని చేసినవారో ఆ చోట నిలబడి తమ అనుభవం చెప్పేలా చూడాలి. ఫొటో కోసం గొట్టం మీదికి గానీ బ్రీచ్ (గుండు నింపే వెనుక భాగం) మీదికి గానీ ఎవరూ ఎక్కకూడదు. గుంపులో ఉన్న పాత హవల్దారు ఎవరో ఒకరు ఆ మాట మనకన్నా ముందే అంటారు.