న్యాయవాదిగా నమోదు: ఏ కాగితం ఏ కమిటీ ముందుకు వెళుతుంది? తిరుపతి, చిత్తూరు లా పట్టభద్రులకు దరఖాస్తు విధానం

లా చివరి సెమిస్టరు ఫలితాలు వెలువడిన వారంలో తిరుపతి కోర్టు దగ్గరి జిరాక్స్ షాపుల ముందు నిలబడితే, చేతిలో ఫైలు పట్టుకొన్న ప్రతి రెండో మనిషీ అడిగే ప్రశ్న ఒకటే: “బార్‌లో చేరాలి, ఎక్కడ కట్టాలి సార్?” ఆ ‘బార్’ అన్న మాటలో మూడు వేర్వేరు సంస్థలు కలిసిపోయి ఉన్నాయి. తిరుపతిలోనో చిత్తూరులోనో శ్రీకాళహస్తిలోనో కోర్టు ఆవరణలో ఉండే బార్ అసోసియేషన్ స్థానిక న్యాయవాదులు తమకై తాము పెట్టుకొన్న సంఘం. అక్కడ చందా కట్టినంత మాత్రాన ఎవరూ న్యాయవాది కారు. న్యాయవాదుల పట్టికలో పేరు చేర్చే అధికారం రాష్ట్ర బార్ కౌన్సిల్‌ది; మన రాష్ట్రానికి అది అమరావతిలో ఉంది. దేశమంతటికీ వర్తించే నియమాలు చేసేది, లా కాలేజీలను గుర్తించేది, అర్హత పరీక్ష నిర్వహించేది ఢిల్లీలోని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే బీసీఐ. కౌన్సిళ్లు రెండూ 1961 నాటి అడ్వొకేట్స్ చట్టం కింద ఏర్పడ్డవే. ఈ తేడా ముందుగా మనసులో పెట్టుకొంటే దరఖాస్తులో సగం తిరుగుడు తప్పుతుంది.

ముందు కమిటీల సంగతి చెప్పుకోవాలి, ఎందుకంటే మీ ఫైలును చదివేది కౌన్సిల్ మొత్తం కాదు, అందులోని ఒక చిన్న బృందం. చట్టంలోని 10వ సెక్షన్ ప్రకారం రాష్ట్ర బార్ కౌన్సిల్ ముగ్గురు సభ్యులతో ఎన్‌రోల్‌మెంట్ కమిటీని, ఐదుగురితో కార్యనిర్వాహక కమిటీని ఏర్పాటు చేసుకోవాలి. బీసీఐలో కార్యనిర్వాహక కమిటీకి తొమ్మిది మంది, న్యాయవిద్య కమిటీకి పది మంది. ఈ పది మందిలో ఐదుగురు కౌన్సిల్ సభ్యులు, మిగతా ఐదుగురు బయటి నుంచి తీసుకొన్నవారు. ఇక బీసీఐలో ఎవరుంటారంటే, ప్రతి రాష్ట్ర కౌన్సిల్ నుంచి ఎన్నికైన ఒక్కో సభ్యుడు, వారితోపాటు పదవి రీత్యా అటార్నీ జనరల్, సొలిసిటర్ జనరల్. క్రమశిక్షణ కమిటీలు రెండు స్థాయుల్లోనూ ఉంటాయి. ఒక్కోదానిలో ముగ్గురు, ఇద్దరు కౌన్సిల్ నుంచి, ఒకరు కౌన్సిల్‌లో సభ్యులు కాని అనుభవజ్ఞులైన న్యాయవాదుల నుంచి.

కొత్తగా చేరేవారికి నేరుగా సంబంధించింది రాష్ట్ర ఎన్‌రోల్‌మెంట్ కమిటీ. దరఖాస్తు ఎక్కడ పెట్టాలన్నదానికి చట్టం చెప్పే గీటురాయి మీరు చదివిన చోటు కాదు, ప్రాక్టీసు చేయదలచిన చోటు. చిత్తూరు సరిహద్దు గ్రామాల పిల్లలు వేలూరు వైపో కోలారు, బెంగళూరు వైపో వెళ్లి లా చదవడం మనకు కొత్త కాదు. అలా చదివివచ్చి చిత్తూరులో ప్రాక్టీసు పెట్టదలచినవారు దరఖాస్తు ఇక్కడి కౌన్సిల్‌కే పెట్టుకోవచ్చు, పెట్టుకోవాలి కూడా. ఒకే మనిషి పేరు రెండు రాష్ట్రాల పట్టికల్లో ఉండటానికి వీల్లేదు.

అర్హతలు వినడానికి తేలిక: భారత పౌరసత్వం, 21 ఏళ్లు నిండటం, బీసీఐ గుర్తించిన లా డిగ్రీ. చిక్కంతా మూడోదానిలోనే ఉంది. కాలేజీకి ఆ విద్యాసంవత్సరానికి బీసీఐ ఆమోదం ఉందో లేదో చేరేముందే చూసుకోవాలి. చదువు ముగిశాక చూసుకొంటే చేయగలిగింది తక్కువ. మరో చిక్కు ఓపెన్ యూనివర్సిటీ డిగ్రీలది. 2008 నాటి న్యాయవిద్య నియమాల ప్రకారం ఇంటర్ వంటి పునాది చదువు లేకుండా నేరుగా ఓపెన్ పద్ధతిలో డిగ్రీ తెచ్చుకొన్నవారు లా కోర్సులో చేరడానికే అర్హులు కారు. పదో తరగతి తర్వాత ఇంటర్ చదివి, ఆపైన దూరవిద్యలో డిగ్రీ చేసినవారికి ఈ అడ్డంకి లేదు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి అనవసరంగా బెంగపడేవారూ ఉన్నారు, అనవసరంగా ధీమాగా ఉండేవారూ ఉన్నారు.

ఉద్యోగుల విషయం తిరుపతిలో ప్రత్యేకంగా చెప్పవలసిందే. దేవస్థానంలోనో విశ్వవిద్యాలయంలోనో బ్యాంకులోనో పనిచేస్తూ లా పట్టా పొందినవారు ఈ ఊళ్లో ఎక్కువ. పూర్తికాలపు జీతగాడిగా ఉన్నంతకాలం న్యాయవాదిగా ప్రాక్టీసు చేయరాదన్నది బీసీఐ 49వ నియమం. కాబట్టి రాజీనామాకో పదవీ విరమణకో సంబంధించిన ఉత్తర్వు ఫైలులో లేకుండా దరఖాస్తు పంపడం వృథా. సెలవు పెట్టి నమోదు చేయించుకొని తర్వాత చూసుకొందామని సలహా ఇచ్చేవారి మాట వినకండి; దరఖాస్తుతోపాటు మీరు ప్రమాణపత్రం ఇస్తారు, అందులోని అబద్ధం తర్వాత ఎప్పుడైనా మీ నమోదునే రద్దు చేయించగలదు. అలాగే నైతిక పతనంతో కూడిన నేరంలో శిక్ష పడినవారిని విడుదలైన రెండేళ్లు గడిచేదాకా పట్టికలో చేర్చరు. కేసు ఉందని దాచిపెట్టడం కన్నా వివరం రాసి తీర్పు నకలు జతచేయడమే మేలు.

ఇక కాగితాలు. పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, డిగ్రీ, లా మార్కుల మెమోలు, ప్రొవిజినల్ లేదా అసలు పట్టా, కాలేజీ ఇచ్చిన టీసీ, నడవడిక సర్టిఫికెట్, వర్తించేవారికి కుల ధ్రువీకరణ, ఫొటోలు, ప్రమాణపత్రాలు, మీ నడవడికకు పూచీగా సీనియర్ న్యాయవాదుల సంతకాలు. కౌన్సిల్ ఆ ఏడాది ఇచ్చే దరఖాస్తు పుస్తకంలోని జాబితాను వరుస క్రమంలోనే అమర్చండి. పాత దరఖాస్తు నింపిన స్నేహితుణ్ని చూసి నింపకండి, నమూనాలు మారుతుంటాయి.

మన ప్రాంతపు ఫైళ్లు వెనక్కి రావడానికి నేను ఎక్కువగా చూసిన కారణం పేరు. చిత్తూరు పక్క తమిళ పద్ధతిలో తండ్రి పేరును పొడి అక్షరంగా రాసే ఇళ్లున్నాయి, ఇంటిపేరును పొడి అక్షరంగా రాసే ఇళ్లున్నాయి, రెండూ రాసే ఇళ్లూ ఉన్నాయి. నా పదో తరగతి మెమోలో ఒకటే పొడి అక్షరం ఉండేది. లా పట్టాలో రెండు వచ్చాయి. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, అదీ చివర్లో. మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూస్తే ముగ్గురు అన్నదమ్ముల్లా ఉన్నాయి. నా ఫైలు అందుకే ఒకసారి తిరిగి వచ్చింది, తప్పు పూర్తిగా నాదే. ఇలాంటి తేడా ఉన్నవారు పదో తరగతి మెమోలోని పేరునే ఆధారంగా తీసుకొని, మిగతా కాగితాల్లోని పేర్లన్నీ ఒకే మనిషివని నోటరీ ముందు ప్రమాణపత్రం రాయించుకోవాలి. పేరు నిజంగా మారినవారు గెజిట్ ప్రకటన జతచేయాలి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడటం వల్ల పాత సర్టిఫికెట్లలో చిత్తూరు జిల్లా అనీ, సూళ్లూరుపేట వైపువారికైతే నెల్లూరు జిల్లా అనీ ఉంటుంది. చిరునామా గడిలో ఇప్పటి జిల్లా పేరు రాసి, పాత పేరును ప్రమాణపత్రంలో ఒక వాక్యంలో చెబితే చాలు.

ఫీజు విషయంలో ఎక్కడా తడబడనక్కరలేదు. 24వ సెక్షన్ ప్రకారం రాష్ట్ర కౌన్సిల్‌కు 600 రూపాయలు, బీసీఐకి 150 రూపాయలు, కలిపి 750. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు 100, 25, కలిపి 125. దీనిపైన చట్టప్రకారం వర్తించే స్టాంపు సుంకం వేరు. బీసీఐ వాటాను ఆ సంస్థ పేరిట బ్యాంకు డీడీగా చెల్లించాలని చట్టమే చెబుతున్నందున రెండు మొత్తాలనూ ఒకే డీడీలో కలపరాదు. ఒకప్పుడు వివిధ రాష్ట్రాల కౌన్సిళ్లు గ్రంథాలయమనీ సంక్షేమమనీ రకరకాల పద్దుల కింద వేలకు వేలు వసూలు చేసేవి. గౌరవ్ కుమార్ కేసులో 2024 జులై 30న సుప్రీంకోర్టు అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ డి.వై. చంద్రచూడ్, జస్టిస్ జె.బి. పార్దీవాలా ధర్మాసనం చట్టంలో రాసిన మొత్తం, స్టాంపు సుంకం తప్ప నమోదుకు షరతుగా మరేదీ తీసుకోరాదని తేల్చింది. అయితే అప్పటికే కట్టినవారికి తిరిగి ఇవ్వనక్కరలేదని కూడా అదే తీర్పు చెప్పింది. అందుకే మా తరంవారు ఈ మాట వచ్చినప్పుడు కాస్త నిట్టూరుస్తారు.

ఫైలు అందాక ఎన్‌రోల్‌మెంట్ కమిటీ చేయగలిగినవి రెండే: ఒప్పుకోవడం లేదా తిరస్కరించే ఉద్దేశాన్ని బీసీఐకి తెలపడం. తనంతట తానుగా తిరస్కరించే అధికారం దానికి లేదు. కారణాలు రాసి బీసీఐ అభిప్రాయం కోరాలి, ఆ అభిప్రాయానికి కట్టుబడి తేల్చాలి. ఇది అభ్యర్థికి గట్టి రక్షణ. కాగితం తక్కువైందని ఫైలు తిప్పి పంపడం వేరు, తిరస్కరణ వేరు. మొదటిదానికి జవాబు ఆ కాగితమే. నిజంగానే తిరస్కరణ జరిగితే ఆ సంగతి మిగతా రాష్ట్రాల కౌన్సిళ్లన్నిటికీ వెళుతుంది. ఇక్కడ కాదన్నారు గనుక వేలూరు చిరునామా చూపి చెన్నైలో ప్రయత్నిద్దామనుకొంటే, తిరస్కరించిన కౌన్సిల్, బీసీఐ రెండూ ముందుగా రాతపూర్వకంగా ఒప్పుకోనిదే అక్కడివారు చేర్చుకోలేరు.

నమోదు రోజున అసలు సర్టిఫికెట్లు వెంట ఉండాలి, తెల్ల దుస్తులు, నల్ల కోటు, మెడకు కట్టే తెల్ల బ్యాండ్ ఉండాలి. గౌను హైకోర్టు, సుప్రీంకోర్టుల్లోనే తప్పనిసరి. మన జిల్లా కోర్టుల్లో ఎండాకాలం నల్ల కోటు కూడా తప్పనిసరి కాదని బీసీఐ నియమాలే అంటున్నాయి. తిరుపతి మే నెల ఎండ ఎరిగినవారికి ఆ నియమం విలువ వేరే చెప్పనక్కరలేదు.

పట్టికలో పేరెక్కడంతో పని పూర్తికాదు. బీసీఐ నిర్వహించే ఆలిండియా బార్ ఎగ్జామినేషన్ రాయాలి. 2011లో మొదలైన ఈ పరీక్షను 2023 ఫిబ్రవరి 10న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం సమర్థించింది. దరఖాస్తు ఆన్‌లైన్‌లో నేరుగా బీసీఐకే, రాష్ట్ర కౌన్సిల్ ద్వారా కాదు. వంద ప్రశ్నలు, తప్పు జవాబుకు కోత లేదు. ఉత్తీర్ణతకు 45 శాతం, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 40 శాతం. తెలుగులోనూ రాయవచ్చు. వ్యాఖ్యానాలు, రాతలు లేని బేర్ యాక్టులను, అంటే చట్టం పాఠం మాత్రమే ఉన్న పుస్తకాలను, హాలులోకి తీసుకువెళ్లనిస్తారు. కనుక పరీక్షకు నెల ముందు కొత్త పుస్తకాలు కొని, ఎక్కడ ఏ సెక్షన్ ఉందో చేతికి అలవాటు చేసుకోవడమే చదువు. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత తదితర మూడు కొత్త చట్టాలు అమల్లోకి వచ్చాయి కాబట్టి సీనియర్ ఆఫీసు అల్మారాలోని పాత ఐపీసీ ప్రతి మీద మాత్రమే ఆధారపడకండి. గట్టెక్కినవారికి బీసీఐ ప్రాక్టీసు సర్టిఫికెట్ ఇస్తుంది.

ఇప్పటికే తమిళనాడులోనో కర్ణాటకలోనో నమోదై సొంత ఊరికి రావాలనుకొనేవారు మళ్లీ కొత్తగా నమోదు కానక్కరలేదు. 18వ సెక్షన్ కింద బదిలీ దరఖాస్తు బీసీఐకి పెట్టుకోవాలి. దీనికి రుసుము తీసుకోరాదని చట్టంలోనే ఉంది. మీ మీద క్రమశిక్షణ విచారణ నడుస్తుంటే మాత్రం బదిలీని ఆపవచ్చు.

ఆ విచారణ సంగతీ రెండు మాటల్లో. న్యాయవాది మీద ఫిర్యాదు ఎవరైనా రాష్ట్ర కౌన్సిల్‌కు పంపవచ్చు. నమ్మదగిన కారణం కనిపిస్తే అది క్రమశిక్షణ కమిటీకి వెళుతుంది. ఏడాదిలో తేలకపోతే బీసీఐకి బదిలీ అవుతుంది. రాష్ట్ర కమిటీ ఉత్తర్వుపై 60 రోజుల్లో బీసీఐకి, దానిపై మరో 60 రోజుల్లో సుప్రీంకోర్టుకు అప్పీలు ఉంది.

చివరిగా సంక్షేమ నిధి. పేద, అశక్త న్యాయవాదుల సహాయానికి, గ్రంథాలయాలకు నిధులు ఏర్పాటు చేసే అధికారం రెండు కౌన్సిళ్లకూ ఉంది; దానికి అదనంగా మనకు 1987 నాటి ఆంధ్రప్రదేశ్ అడ్వొకేట్స్ వెల్ఫేర్ ఫండ్ చట్టం ఉంది. వకాలతు మీద అంటించే వెల్ఫేర్ స్టాంపు డబ్బు చేరేది ఈ నిధికే. అయితే స్టాంపులు అంటిస్తున్నంత మాత్రాన మీరు నిధిలో సభ్యులు కారు. సభ్యత్వానికి వేరే దరఖాస్తు ఉంది, దాన్ని నమోదైన తొలి రోజుల్లోనే పెట్టుకోవాలి. స్థానిక బార్ అసోసియేషన్‌తో మీకు నిజంగా పని పడేది ఇక్కడే, మీరు ఫలానా కోర్టులో ప్రాక్టీసు చేస్తున్నారన్న ధ్రువీకరణ కోసం. దరఖాస్తులో నామినీ గడి ఒకటి ఉంటుంది. ఇరవై మూడేళ్ల వయసులో అందరూ అమ్మ పేరు రాస్తారు. పెళ్లయ్యాక, పిల్లలు పుట్టాక ఆ గడి సంగతి ఎవరికీ గుర్తుండదు. న్యాయవాది పోయిన తర్వాత భార్య, అత్తగారు ఇద్దరూ అదే కోర్టు వరండాలో చెరో ఫైలుతో నిలబడటం నేను చూశాను. నామినీ మార్పుకు ఒక పేజీ దరఖాస్తు, జతగా వివాహ ధ్రువీకరణ నకలు చాలు. పంపిన పోస్టు రసీదును ఎన్‌రోల్‌మెంట్ సర్టిఫికెట్ వెనకాలే పిన్ చేసి, ఆ ఫైలు ఎక్కడుందో ఇంట్లోవాళ్లకు చూపించి ఉంచండి.